స్టీరింగ్ మన చేతిలో, టైము టికెట్టు చేతిలో

మిలాన్‌లో శాంతా మరియా దెల్లె గ్రాత్సియె మఠం ఉంది. అక్కడ ఒకప్పటి సన్యాసుల భోజనశాల గోడ మీద లియొనార్డో డావిన్చి 1495–98 మధ్య వేసిన ‘లాస్ట్ సప్పర్’ను చూడటానికి ఇప్పుడిచ్చే సమయం పావుగంట. ఒక తలుపు మూసుకున్నాకే మరో తలుపు తెరుచుకునే గదుల గుండా కొద్దిమందిని మాత్రమే లోపలికి పంపుతారు. పావుగంట కాగానే బయటికి నడవాల్సిందే. టికెట్లు వారాల ముందే అయిపోతాయి. ఆల్ప్స్ సొరంగం దగ్గర లారీల వెనక ఇరుక్కుని అరగంట ఆలస్యంగా చేరిన కుటుంబానికి ఇక మిగిలేది పక్క వీధిలో ఐస్‌క్రీమే.

సొంతంగా కారు తీసుకుని యూరప్ తిరగడం తెలుగువాళ్లకు ఇప్పుడు కొత్త ముచ్చటేమీ కాదు. మ్యూనిక్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో ఉద్యోగం చేసే కొడుకో కూతురో, వేసవికి వచ్చిన అమ్మానాన్నలు, ఏడు సీట్ల అద్దె బండి, డిక్కీలో రైస్ కుక్కరు, ఆవకాయ సీసా. తెల్లవారకముందే లేపి, రోజుకో దేశం చూపించి, ఫొటోలకు పది నిమిషాలు వదిలే ప్యాకేజీ బస్సు కన్నా ఇది ఎంతో నయం. ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు, ఎంతసేపైనా ఉండొచ్చు. కొండలకీ సరస్సులకీ ఆ మాట నిజమే. కోటలు, చర్చిలు, మ్యూజియాల దగ్గరికొచ్చేసరికి లెక్క మారుతుంది. పేరు మోసిన చోట్ల టికెట్టు మీద అచ్చయిన గంటే యజమాని. కారు అక్కరకొచ్చేది ఆ చోట్ల మధ్య ఉన్న దూరంలో, రైలు దిగి నడిచి చేరలేని పల్లెల్లో. కానీ చాలామంది ప్లాను దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది: పారిస్, రోమ్, ఫ్లోరెన్స్ నడిబొడ్డున కారుతో తిప్పలు పడి, మధ్యలో ఉన్నదంతా హైవే మీద నూట ముప్ఫై వేగంతో దాటేస్తారు.

గత కొన్నేళ్లలో టికెట్ల పట్టు ఇంకా బిగిసింది. ఏథెన్స్ అక్రోపొలిస్‌కు 2023 సెప్టెంబరు నుంచి రోజుకు 20,000 మందికే, అదీ గంటల వారీగా ప్రవేశం. పాంపేయి శిథిలాలకు 2024 నవంబరు నుంచి అదే పరిమితి. గ్రనాడాలో అల్హాంబ్రా కోటకు వెళ్తే, లోపలి నాస్రిద్ రాజమందిరాల్లోకి టికెట్టు మీదున్న వేళకే రానిస్తారు, పాస్‌పోర్టు చూపించాలి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ ఇంటికి ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి టికెట్లు ఆన్‌లైన్‌లో వదులుతారు, గుమ్మం దగ్గర దొరకవు. రోమ్‌లోని బోర్గేజె గ్యాలరీలో రెండు గంటలు కాగానే అందరినీ బయటికి పంపేస్తారు. వెనిస్ అయితే ఊరికే టికెట్టు పెట్టింది. 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టి, రద్దీ ఉండే ఎంపిక చేసిన రోజుల్లో రాత్రి బస చేయకుండా వచ్చిపోయేవాళ్ల దగ్గర 5 యూరోలు వసూలు చేసింది. మరుసటి ఏడాది ఆఖరి నిమిషంలో బుక్ చేసుకునేవాళ్లకు దాన్ని 10 చేసింది.

ఇదంతా డబ్బాశే అనుకుంటే పొరపాటు. లియొనార్డో ‘లాస్ట్ సప్పర్’ను తడి సున్నం మీద కాకుండా ఆరిన గోడ మీద వేశాడు. ఆయన బతికుండగానే రంగు పెచ్చులూడటం మొదలైంది. 1943లో బాంబు పడి భోజనశాల కప్పు కూలింది. ఇరవై ఏళ్లకు పైగా సాగిన మరమ్మతు 1999లో ముగిసింది. మనుషుల ఊపిరిలోని తేమ, బట్టల మీది దుమ్ము ఆ గోడకు ఇప్పటికీ శత్రువులే. అక్కడ పావుగంట నియమాన్ని తప్పుపట్టలేం.

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సంగతి వేరు. అక్కడ ఇబ్బంది గోడలది కాదు, జనానిది. 2024లో దాదాపు 87 లక్షల మంది వచ్చారు. మరుసటి ఏడాది జూన్‌లో రద్దీ భరించలేక సిబ్బందే ఒకరోజు ఉన్నపళాన పని ఆపేశారు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పున్న మోనాలిసా ముందు సెల్‌ఫోన్లు పైకెత్తి నిలబడతారు. వాళ్ల వీపు వెనకే, అదే గదిలో, వెరొనేజె వేసిన ‘కానా పెళ్లి విందు’ దాదాపు పది మీటర్ల వెడల్పున గోడంతా పరుచుకుని ఉంటుంది. 1797లో నెపోలియన్ సైన్యం వెనిస్ మఠం నుంచి ఊడదీసి తెచ్చిన బొమ్మ అది. వెనక్కి తిరిగి చూసేవాళ్లు తక్కువే.

ఆ మ్యూజియం టికెట్టు ఇప్పుడు ప్రవాస కుటుంబాల్లో ఒక తమాషాకు కారణమవుతోంది. 2026 జనవరి నుంచి యూరోపియన్ ఆర్థిక మండలి దేశాల పౌరులకు, అక్కడ నివాసం ఉండేవాళ్లకు 22 యూరోలు, మిగతావాళ్లకు 32. మ్యూనిక్‌లో ఉండే కొడుక్కి ఒక రేటు, విజయవాడ నుంచి వచ్చిన తండ్రికి ఇంకో రేటు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు మాత్రం ఎక్కణ్నుంచి వచ్చినా ఉచితమే. తాజ్‌మహల్ దగ్గర విదేశీయులకు వేరే రేటు చూసిన మనవాళ్లకు ఇది కొత్తగా తోచదు. కాకపోతే, ఈసారి విదేశీయులు మనం.

ఇక కారు సంగతి. ఇటలీ పాత పట్టణాల్లో సొంత డ్రైవింగు చేసేవాళ్లను నిలువునా ముంచేది జెడ్‌టీఎల్ అనే నిషేధ ప్రాంతం. ఫ్లోరెన్స్, రోమ్, పీసా, సియెనా, ఇంకా ఎన్నో ఊళ్లలో పాతపేట చుట్టూ కెమెరాలుంటాయి. అనుమతి లేని బండి ఆ గీత దాటితే నంబరు ఫొటో తీస్తాయి. ఆపేవాళ్లుండరు, ఈల వేసేవాళ్లుండరు, దాటిన సంగతే తెలియదు. దారి తప్పి మూడుసార్లు గీత దాటితే మూడు జరిమానాలు. ముందు అద్దె కంపెనీ తన ఖర్చుల కింద కొంత కార్డు మీద గీకుతుంది, నెలలు గడిచాక అసలు నోటీసు ఇంటికొస్తుంది. జీపీఎస్ చూపించింది కదా అంటే చెల్లదు. ఫ్లోరెన్స్‌లో దీనికి చక్కని విరుగుడుంది. ఏ1 హైవే మీంచే నేరుగా విల్లా కొస్తాంజా పార్కింగులోకి దిగొచ్చు. అక్కడ బండి పెట్టి ట్రామెక్కితే అరగంటలోపే నగరం మధ్యకు చేరతారు. ఇలాంటి ఊరిబయటి పార్కింగులు ఆమ్‌స్టర్‌డామ్‌తో సహా చాలా నగరాల్లో ఉన్నాయి. హోటల్ వెతకడానికి పెట్టే శ్రద్ధలో సగం వీటి మీద పెట్టినా డబ్బు మిగులుతుంది.

హైవే స్టిక్కర్ల గోల ఒకటుంది. ఆస్ట్రియాలో కొద్దిరోజులకూ దొరుకుతుంది. స్విట్జర్లాండ్‌లో ఒక్కరోజు దాటిపోయినా 40 ఫ్రాంకుల ఏడాది స్టిక్కరే కొనాలి. ఫ్రాన్స్, ఇటలీల్లో టోల్ గేట్లు. జర్మనీ నగరాల్లోకి పోవాలంటే చాలాచోట్ల ఆకుపచ్చ కాలుష్య స్టిక్కరు ఉండాలి, అక్కడి అద్దె బండ్లకు మామూలుగా అది అతికించే ఉంటుంది. ఇండియా లైసెన్సుతో నడిపేవాళ్లు అంతర్జాతీయ పర్మిట్ ఇక్కడే తీసుకుని వెళ్లాలి. ఎడమవైపు స్టీరింగు, కుడివైపు రోడ్డు రెండోరోజుకు అలవాటవుతాయి. ఆటోమేటిక్ గేరు బండి కావాలంటే ముందే చెప్పుకోవాలి, ఖరీదూ ఎక్కువే.

చారిత్రక స్థలాలు కూడా కార్లను మెల్లగా దూరం నెడుతున్నాయి. ఫ్రాన్స్‌లోని మాన్ సాన్ మిషెల్ దీవి మఠానికి ఒకప్పుడు ఒక కట్ట మీదుగా గోడల దాకా కార్లు వెళ్లేవి. ఆ కట్ట వల్ల చుట్టూ ఇసుక మేటలు పడి సముద్రం వెనక్కి తగ్గింది. 2014లో కొత్త వంతెన తెరిచి, కట్ట తీసేశారు. ఇప్పుడు రెండు కిలోమీటర్లకు పైగా దూరంలో బండి ఆపి బస్సో నడకో పట్టాలి. ఇంగ్లండులో స్టోన్‌హెంజ్ పక్కనుంచి పోయే ఏ344 రోడ్డును 2013లో మూసి గడ్డి నాటారు. రెండోవైపున్న ఏ303ను సొరంగంలోకి దించాలన్న పథకం ఏళ్ల తరబడి వివాదమై, 2024లో రద్దయింది. అందుకే ఇప్పటికీ ట్రాఫిక్ జాములో కూర్చుని కారు అద్దంలోంచి ఆ రాళ్లను టికెట్టు లేకుండా చూడొచ్చు.

మరి కారుకు ఫలితం దక్కేదెక్కడ? దక్షిణ ఫ్రాన్స్‌లో పాన్ దు గార్ ఒక మంచి ఉదాహరణ. నీమ్ పట్టణానికి నీళ్లు తెచ్చేందుకు రోమన్లు క్రీ.శ. ఒకటో శతాబ్దంలో కట్టిన కాలువకు ఇది గార్దోన్ నది మీది వంతెన. మూడు అంతస్తుల కమానులు, దాదాపు 49 మీటర్ల ఎత్తు. కాలువ పొడవు సుమారు 50 కిలోమీటర్లు. అంత దూరానికీ మొత్తం వాలు 13 మీటర్ల లోపే. అంటే కిలోమీటరుకు జానెడు పైచిలుకు. కాలవల కింద సేద్యం చేసిన డెల్టా రైతుకు ఈ లెక్క వెంటనే తలకెక్కుతుంది. దగ్గరికెళ్తే కింది కమానుల రాళ్ల మధ్య సున్నం కనిపించదు, ఒక్కో రాయి ఆరు టన్నుల దాకా బరువుంటుంది, దాని బరువే దాని పట్టు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాళ్లు అక్కడక్కడా కనిపిస్తాయి. పరంజా నిలబెట్టడానికి వదిలినవి, పని అయ్యాక ఎవరూ చెక్కేయలేదు. శతాబ్దాల తర్వాత ఫ్రాన్స్ తాపీపనివాళ్లు దేశం తిరుగుతూ ఇక్కడికొచ్చి, తమ పేర్లు, పనిముట్ల బొమ్మలు ఆ రాళ్ల మీద చెక్కిపోయారు. వేసవి సాయంత్రం ఆ నదిలో ఈత కొట్టేవాళ్లూ కనిపిస్తారు. ఇక్కడ ఎవరూ గడియారం చూపించి తరమరు.

ఫ్రాన్స్‌లోనే దొర్దోన్ ప్రాంతంలో వెజేర్ లోయ ఇంకోటి. రైళ్లు తక్కువ, గుహలు ఎక్కువ. 1940 సెప్టెంబరులో నలుగురు కుర్రాళ్లు లాస్కో గుహలో దిగి, పదిహేడు వేల ఏళ్లు దాటిన ఎద్దులను, గుర్రాలను, దుప్పులను చూశారు. ఒక ఎద్దు బొమ్మ అయితే అయిదు మీటర్ల పైనే ఉంటుంది. 1948లో జనానికి తెరిచారు. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, తేమ, దీపాల వెలుగు కలిసి గోడల మీద పచ్చని నాచు పుట్టించాయి. 1963లో మూసేశారు. ఇరవై ఏళ్లకు దగ్గర్లోనే ఒక నకలు, 2016లో మోంతిన్యాక్ ఊరి చివర పూర్తి స్థాయి నకలు కట్టారు. నకలు కోసం అంత దూరం పోవాలా అని పెదవి విరిచేవాళ్లుంటారు. పోవచ్చు. పగుళ్లతో, ఉబ్బెత్తులతో సహా గోడను మళ్లీ పోతపోశారు. ఎద్దు భుజం గోడ ఉబ్బు మీద ఎలా కూర్చుందో ఫొటోలో తెలియనిది అక్కడ తెలుస్తుంది. అసలుదే కావాలంటే అదే లోయలో ఫోన్ ద గోమ్ గుహలోకి ఇప్పటికీ చిన్న చిన్న గుంపుల్ని తీసుకెళ్తున్నారు. రెండూ పక్కపక్కన చూసే వీలు కారుంటేనే.

పాతదా కొత్తదా అన్న పేచీ గుహలతో ఆగదు. కథల పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుండే నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటను మధ్యయుగాలదనుకుని ఫొటోలు దిగుతారు. బవేరియా రాజు రెండో లూడ్విగ్ దాన్ని మొదలుపెట్టింది 1869లో. ఆయన 1886లో చనిపోయిన కొన్ని వారాలకే టికెట్టు పెట్టి జనాన్ని రానిచ్చారు. ఫ్రాన్స్‌లోని కార్కసోన్ కోట బురుజుల మీది కోసు టోపీలు పందొమ్మిదో శతాబ్దపు వాస్తుశిల్పి వియోలె ల్యూ ద్యూక్ చలవ. అవి ఆ ప్రాంతపు తీరు కాదని అప్పట్లోనే గొడవ జరిగింది. నోత్ర్ దామ్ శిఖరమూ ఆయనదే. 2019 మంటల్లో కూలిపోతే, అచ్చు అలాగే తిరిగి నిలబెట్టి 2024 డిసెంబరులో చర్చి తెరిచారు. వార్సా పాతబస్తీలో 85 శాతానికి పైగా నాజీలు నేలమట్టం చేస్తే, పద్దెనిమిదో శతాబ్దపు చిత్రకారుడు బెలోత్తో వేసిన వీధుల బొమ్మలు కూడా చూసుకుంటూ మళ్లీ కట్టారు. ఆ తిరిగి కట్టిన ఊరినే 1980లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. డ్రెస్డెన్ ఫ్రావెన్‌కిర్షె చర్చి దగ్గర నల్లబడిన పాత రాళ్లు, లేతరంగు కొత్త రాళ్లు వేర్వేరుగా కనిపిస్తాయి. ఎంత మిగిలిందో ఎంత కట్టారో దాచకుండా చూపించిన ఈ పద్ధతి అన్నిటికన్నా నిజాయితీగా ఉంది.

ఔష్‌విట్జ్‌ను మాత్రం మజిలీల మధ్య ఇరికించకూడదు. క్రాకోకు పశ్చిమాన డెబ్భై కిలోమీటర్ల లోపు దూరమే కాబట్టి, పొద్దున ఉప్పు గని, మధ్యాహ్నం ఔష్‌విట్జ్ అని ప్లాను వేస్తుంటారు. సుమారు 11 లక్షల మందిని చంపిన చోటు అది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను తీసుకురావద్దని మ్యూజియమే చెబుతుంది. సగం రోజు ఇవ్వగలిగితే వెళ్లాలి, లేకపోతే మానుకోవడం మేలు.

మనవాళ్ల చరిత్ర కూడా ఆ దారుల్లో ఉందన్న సంగతి టూరు బ్రోషర్లలో కనిపించదు. కలే రేవు దగ్గర సొరంగ రైలు దిగి పారిస్ వైపు పోయేవాళ్లు కొంచెం పక్కకు తిరిగితే న్యూవ్ షాపెల్ వస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 మార్చిలో, భారతీయ సైన్యపు మీరట్, లాహోర్ డివిజన్ల సైనికులు అక్కడ పోరాడారు. సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల పేర్లు అక్కడి స్మారకం గోడల మీద చెక్కి ఉన్నాయి. ఢిల్లీ సెక్రటేరియట్ భవనాలు గీసిన హెర్బర్ట్ బేకరే దీన్నీ గీశాడు. 1927లో ప్రారంభించారు. గుండ్రని ఆవరణ, సాంచీ స్తూపం చుట్టూ ఉండే ప్రాకారాన్ని గుర్తుచేసే రాతి జాలీలు, పద్మం తలదాల్చిన స్తంభం, రెండు పులులు. పొలాల మధ్య, రోడ్డు పక్కనే ఉంటుంది. టికెట్టు లేదు, స్లాటు లేదు. బస్సు టూర్లు ఆగవు.

లండన్ యాత్రలో భాగమైతే (షెంగెన్ వీసా అక్కడ చెల్లదు, బ్రిటన్‌కు వేరే తీసుకోవాలి) బ్రిటిష్ మ్యూజియంలో 33ఏ గది తెలుగువాళ్లు వదలకూడనిది. అమరావతి స్తూపం రాళ్లున్న గది అది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ ఆ స్తూపం దిబ్బను పద్దెనిమిదో శతాబ్దం చివర్లో చూశాడు, కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించాడు. మద్రాసులో కొన్నాళ్లుండి రాళ్లు 1859లో ఓడెక్కాయి. లండన్‌లో వాటిని పట్టించుకున్నవాళ్లు లేరు. ఫెర్గూసన్ అనే పండితుడు 1867 ప్రాంతంలో ఒక భవనం తాలూకు గుర్రపుబండ్ల కొట్టంలో పడి ఉండగా చూసి లోకానికి చెప్పాడు. 1880లో మ్యూజియానికి చేరాయి. ఆ గదిలో ఒక రాయికి రెండు ముఖాలున్నాయి. ఒకవైపు క్రీస్తు పూర్వపు చెక్కడం: బోధివృక్షం, ఖాళీ ఆసనం, నమస్కరిస్తున్న జనం, బుద్ధుడి రూపం లేదు. దాదాపు మూడు వందల ఏళ్లకు అదే రాయిని తిప్పి, వెనకవైపు అప్పటి స్తూపాన్నే చెక్కారు. సింహాల స్తంభాలతో, దండలతో, పైన ఎగిరే గంధర్వులతో నిండిన ఆ చెక్కడాన్ని బట్టే అమరావతి మహాచైత్యం నిలబడి ఉన్నప్పుడు ఎలా ఉండేదో పండితులు ఊహిస్తారు. అసలు చోట ఇప్పుడున్నది మట్టి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. మ్యూజియం ప్రవేశం ఉచితం. ఇది ఎవరి సొత్తు, ఎందుకు తిరిగి ఇవ్వరు అన్న ప్రశ్న ఆ రాయి ముందు నిలబడ్డవాళ్లకు తప్పదు. 1963 నాటి చట్టం ప్రకారం వస్తువులను వదులుకోవడం మ్యూజియానికి దాదాపు కుదరదు. ఇదే అడ్డంకి మీద గ్రీసు కూడా అదే మ్యూజియంలో ఉన్న పార్థెనాన్ శిల్పాల కోసం దశాబ్దాలుగా కొట్లాడుతోంది.

పారిస్‌లో రీజెంట్ వజ్రం కథ ఇంకాస్త మలుపులు తిరిగింది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికింది. మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొని, లండన్‌లో సానబట్టించి, 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు. 140 క్యారెట్ల పైచిలుకు. పదిహేనో లూయీ కిరీటంలోనూ, నెపోలియన్ కత్తి పిడిలోనూ మెరిసి, చివరికి లూవ్ర్‌కు చేరింది. 2025 అక్టోబరు 19న పట్టపగలు దొంగలు సామాను నిచ్చెన ఉన్న లారీతో వచ్చి, అపోలో గ్యాలరీ కిటికీ కోసి, నిమిషాల్లో రాజనగలు ఎత్తుకుపోయారు. రీజెంట్ జోలికి పోలేదు. ఆ తర్వాత కొన్ని నగలను బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ నేలమాళిగకు తరలించారు. కాబట్టి దాని కోసమే వెళ్లేవాళ్లు ఎక్కడుందో కనుక్కుని బయల్దేరాలి. కొల్లూరు గనులు పులిచింతల ముంపులోకి పోయాయి.

ఇక నేపుల్స్. పాంపేయికి వెళ్లేవాళ్లు ఎక్కువ, అక్కడ దొరికిన మంచి వస్తువుల్లో చాలావాటిని దాచిన నేపుల్స్ పురావస్తు మ్యూజియానికి వెళ్లేవాళ్లు తక్కువ. 1938లో పాంపేయి ఇంట్లో దొరికిన జానెడు దంతపు బొమ్మ అందులో ఉంది. ఒంటి నిండా నగలు, చేతుల నిండా కంకణాలు, అటూ ఇటూ ఇద్దరు చిన్న పరిచారికలు. పాంపేయి లక్ష్మి అని పిలుస్తారు గాని యక్షి కావచ్చునని చాలామంది అభిప్రాయం. తల మీది రంధ్రాన్ని బట్టి అద్దం పిడో, ఏ బల్లకో కాలో అయి ఉంటుంది. క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలయ్యేనాటికే అది అక్కడుంది. అలాంటి బొమ్మలు దక్కనులో, శాతవాహనుల నాటి భోకర్దన్, తేర్ పట్టణాల్లో దొరికాయి. ఆ కాలపు ఓడ వ్యాపారానికి ఇంతకన్నా చేతికందే సాక్ష్యం దొరకదు. మ్యూజియానికి మంగళవారం సెలవు. లూవ్ర్‌కూ అదే రోజు. ఫ్లోరెన్స్ ఉఫీజీకి సోమవారం, వాటికన్ మ్యూజియాలకు నెలాఖరు ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు. దారి గీసేటప్పుడు కిలోమీటర్ల కన్నా ముందు ఈ వారాలు రాసుకోవాలి. నేపుల్స్‌లో ఇంకో మెలిక: ఆ బొమ్మ ఉండేది రహస్య మందిరం అని పిలిచే శృంగార శిల్పాల విభాగంలో. కొన్ని విభాగాలను అక్కడ వంతులవారీగా మూస్తుంటారు. టికెట్టు కొనేముందే ఆ గది తెరిచి ఉందో లేదో కౌంటర్లో అడగాలి.